మొదటి వాసన ఆయనకే

జూలై 6

తీగ గులాబీ తెచ్చాను. కారు వెనక సీట్లో పడుకోబెట్టి, దొర్లకుండా దిండు అడ్డం పెట్టి, పసిపిల్లని తెచ్చినట్టు తెచ్చాను. వెనకాల వాళ్లంతా ఒకటే హారన్లు. డ్రైవింగ్ స్కూల్ అని బోర్డు పెట్టుకున్న కారు నత్తలా పోతుంటే కొట్టరా మరి? కొట్టుకోనీ.

నర్సరీ ఆవిడ బోలెడు జాగ్రత్తలు చెప్పింది. ఎండ బాగా తగలాలట. కొమ్మ పొడుగ్గా సాగాక నిలువుగా పోనివ్వకుండా పక్కకి వంచి కట్టాలట, అప్పుడే కణుపు కణుపుకీ మొగ్గ వేస్తుందట. ఇది అంటు మొక్క కాబట్టి అంటు కట్టిన ముడి ఎప్పుడూ మట్టి పైన కనబడుతూ ఉండాలట. ముడి కింద నుంచి ఏం మొలిచినా అది మన గులాబీ కాదు, అడుగున ఉన్న వేరే మొక్కది, వెంటనే పీకేయమంది. అన్నిటికీ తల ఊపాను. నా దగ్గర డ్రైవింగ్ నేర్చుకునేవాళ్లు నాకు ఊపినట్టే.

"వాసన ఉంటుంది కదా?" అని మళ్లీ మళ్లీ అడిగాను.

"వీధి చివరికి తెలుస్తుందమ్మా" అంది.

"వీధికి అక్కర్లేదు, మా ఆయనకి తెలిస్తే చాలు" అన్నాను. ఆవిడ ఏదో అనుకుని ముసిముసిగా నవ్వింది. ఈ వయసులో నా గురించి ఎవరైనా అలా అనుకోవడం కూడా గొప్పే.

జూలై 8

ముక్కు డాక్టరు దగ్గరికి మళ్లీ వెళ్లాం. సన్న గొట్టం పెట్టి చూశాడు. లోపలంతా శుభ్రంగానే ఉందట. ఆ పాడు జ్వరం పోతూ పోతూ వాసన పట్టుకుపోయింది, తిరిగి రావచ్చు, రాకపోనూవచ్చు అన్నాడు. నేను మొదటి సగమే విన్నాను.

రోజూ పొద్దున్నే నాలుగు వాసనలు చూపించాలట. నిమ్మ, లవంగం, యూకలిప్టస్ నూనె, గులాబీ. పీలుస్తూ, ఒకప్పుడు ఆ వాసన ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకోవాలట. ఏమీ రాకపోయినా పీల్చాలట. గులాబీకి అత్తరు సీసా చాలన్నాడు. ఈయన కుర్చీలోంచే "అది గులాబీ కాదండీ, గులాబీ ఫోటో" అన్నాడు. జ్వరం తర్వాత ఆయన నోట వచ్చిన మొదటి వెటకారం అది. మొన్న నేను మొక్క తెచ్చింది మంచిదే అయింది.

టీ కంపెనీలో కప్పు మీద వంగి, ఒక్క చెంచా చప్పుడు చేస్తూ జుర్రుకుని, ఏ తోట ఆకో, వానలకి ముందు కోసిందో తర్వాత కోసిందో చెప్పే మనిషి. అక్కడ ఈయన అసలు పేరు చెబితే వాచ్‌మన్ లోపలికి పంపడు, "ముక్కుగారు" అంటేనే గేటు తీస్తాడు. పెద్దసారు మార్చి దాకా కుర్చీ ఖాళీగా ఉంచుతానన్నాడు. మార్చిలో ఈయన ముందు వరసగా కప్పులు పెడతారు. చెప్పగలిగితే కుర్చీ ఈయనది, లేకపోతే లేదు.

ఇంటికొచ్చాక ఆయన చాలాసేపు చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే కూర్చున్నాడు. నాకు భయం వేసింది. భయం వేస్తే నాకు కోపం వస్తుంది, కాబట్టి చెప్పులు విప్పమని అరిచాను.

జూలై 10

ఒకేలాంటి డబ్బాలు మూడు తీసుకుని, లోపల ఏముందో కనబడకుండా పైన దూది పరిచాను. నాలుగో డబ్బా కడిగి బోర్లించాను. అది గులాబీకి.

ఆయన మూడూ పీల్చాడు. మూడూ ఒకటే అన్నాడు.

"ఏమిటది?"

"గాలి."

జూలై 11

గాలి.

జూలై 12

గాలి. రేపటి నుంచి ఈ మాట రాయను.

ఆగస్టు 3

గులాబీ మొక్క కొంచెం పక్కకి వాలింది. మొదలు దగ్గర మట్టి ఎగదోసి, ఆకుల ఎరువు తెచ్చి దాని పైన ఇంకో పొర వేసి, చుట్టూ కాలితో అదిమాను. ఇప్పుడు నిటారుగా నిలబడింది. మనుషులకీ ఇంత సులువైతే బాగుండు.

ఆగస్టు 19

కొత్త కొమ్మ వచ్చింది! మొదట్లోంచి, మట్టిని చీల్చుకుని, నా బొటనవేలంత లావుగా. పాత కొమ్మేమో తెచ్చినప్పుడు ఎంతుందో అంతే, బద్ధకంగా రెండు ఆకులు వేసి కూర్చుంది. కొత్తది మాత్రం పొద్దున చూసినదానికీ సాయంత్రం చూసినదానికీ తేడా కనబడుతోంది. ఆయన్ని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి చూపించాను. "బాగుంది" అన్నాడు. గోడకి మేకులు కొట్టి తీగలు లాగమన్నాను. లాగాడు. చేతికి పని ఉన్నంతసేపూ మామూలు మనిషిలాగే ఉన్నాడు.

ఆగస్టు 27

ఇంట్లో కూర్చుని కూర్చుని పిచ్చెక్కుతోందని ఇవాళ ఆయనా మాతో కారెక్కాడు. స్టీరింగ్ దగ్గర బ్యాంకు మేడమ్. ఆవిడ సంగతి ఏం చెప్పను, బ్యాంకులో కోట్లు కదిలిస్తుందట, ఇక్కడ కారు కదిలించడానికి గంట. ఎత్తు రోడ్డు మీద క్లచ్ తొక్కిపట్టి తొక్కిపట్టి మాడబెట్టేసింది. నాకు దగ్గు వచ్చింది, ఆవిడ చీర కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. వెనక ఈయన కిటికీలోంచి చెట్లు చూస్తూ కూర్చున్నాడు.

ఏదో ఆలోచనలో ఉండి ఉంటాడు.

సెప్టెంబరు 5

నిమ్మ అన్నాడు!

నిజంగా నిమ్మే. మూత తీశానో లేదో, కాస్త ఆగి, "నిమ్మ... నిమ్మలా ఉందే" అన్నాడు. నేను ఎగిరి గంతేశాను. ఈ మోకాళ్లతో. గంతేసి, పక్క వాటావాళ్లు ఏమనుకుంటారో అని నోరు మూసుకున్నాను. ఆయన నా వంకే చూస్తూ నవ్వాడు. ఎన్ని నెలలైంది ఆ నవ్వు చూసి.

రోజంతా నేర్చుకునే వాళ్లనెవరినీ తిట్టలేదు. బ్యాంకు మేడమ్ "ఒంట్లో బాగుందా మేడమ్?" అని అడిగింది.

సెప్టెంబరు 6

నిమ్మ మళ్లీ. లవంగం తప్పాడు.

సెప్టెంబరు 12

లవంగం కూడా!!

సెప్టెంబరు 22

ఇప్పుడు మూడూ చెబుతున్నాడు. డబ్బాలు తారుమారు చేసినా చెబుతున్నాడు. డాక్టరుకి ఫోన్ చేస్తే ఇంత తొందరగా కోలుకోవడం అరుదు అన్నాడు. "మా ఆయనది మామూలు ముక్కు కాదు డాక్టరుగారూ" అన్నాను. పెద్దసారుకి కూడా ఫోన్ చేసి చెబుదామన్నాను. ఈయన వద్దన్నాడు. తొందరేముంది, మార్చిలో తెలుస్తుందిగా అన్నాడు. వినయం.

అక్టోబరు 2

సాయంత్రం క్లాసు అయ్యాక ఇంటికొస్తే గుమ్మంలోనే గ్యాస్ వాసన గుప్పుమంది. పాలు పొంగి స్టవ్ ఆరిపోయింది, గ్యాస్ అలాగే పోతోంది. ఈయన పక్కగదిలో పేపరు చదువుతున్నాడు. పరిగెత్తుకెళ్లి కట్టేసి కిటికీలన్నీ తీశాను.

"మీకు తెలియలేదా?" అన్నాను.

"తెలిసింది. ఇప్పుడే లేవబోతున్నా" అన్నాడు.

పేపరు మడత కూడా పెట్టలేదు. కానీ లేవబోతూనే ఉండొచ్చు. నేను రావడం, ఆయన లేవబోవడం ఒకేసారి జరిగి ఉండొచ్చు.

ఇక మీదట పాలు నేనే కాస్తాను.

అక్టోబరు 20

కొత్త కొమ్మ గోడ మధ్యకి వచ్చింది. ఎవరి దిష్టీ తగలకూడదు. ఎరువు ఇంకోసారి వేశాను, మట్టి ఇంకాస్త ఎగదోశాను. పాత కొమ్మకి ఆకులు పసుపు పచ్చబడుతున్నాయి. దాన్ని కోసేస్తే బలమంతా కొత్తదానికి పోతుంది కదా అని కత్తెర తీశాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"దీని ఆకులూ దాని ఆకులూ ఒకలా లేవు, చూశావా?" అన్నాడు. "ఇది నున్నగా ఉంది, దానికి చిన్న చిన్న ఆకులు గుంపుగా ఉన్నాయి."

"లేతవి వేరు, ముదురువి వేరు. మీకు టీ ఆకు తెలుసు, గులాబీ సంగతి నాకొదిలేయండి" అన్నాను.

సరే అన్నాడు. పాతదాన్ని మాత్రం కొయ్యనివ్వలేదు. "ఉండనీ పాపం, దాని మానాన అది" అన్నాడు. ఈయనకి అన్నీ పాపమే.

నవంబరు 4

ఈయన నాకో సబ్బు తెచ్చాడు. వాసన సబ్బు. కాగితం విప్పకుండానే గదంతా ఘుమఘుమ.

మా ఇంట్లో వాసన సబ్బు ఎప్పుడూ లేదు. పౌడరు లేదు, సెంటు లేదు, తలనూనె కూడా వాసన లేనిదే. పొద్దున ఆయన కప్పుల మీద వంగాలి కాబట్టి ఇంట్లో ఏ వాసనా ఆయన ముక్కులో ఇరుక్కోకూడదు. పెళ్లయిన కొత్తలో నాకు ఏడుపొచ్చేది. తర్వాత అలవాటైపోయింది, పైపెచ్చు గర్వం కూడా. మా ఆయన ముక్కు కోసం ఇల్లంతా నోరు మూసుకుని ఉంటుందని అందరికీ చెప్పుకునేదాన్ని.

"ఇప్పుడెందుకు ఇది?" అన్నాను.

"వాడుకో. నీకిష్టం కదా."

"ముక్కు బాగుపడుతున్న టైములో ఇది తెస్తారా? తర్వాత మీకే కష్టం" అని అరిచి దాన్ని కవర్లో చుట్టి, కారు డిక్కీలో పడేశాను. నేను ఎందుకంత గట్టిగా అరిచానో నాకే తెలియలేదు.

డిసెంబరు 16

చలి. మూడు డబ్బాలూ చెప్పాడు. మొక్క బాగుంది. రాయడానికేం లేదు.

జనవరి 13

కొమ్మ గోడ పైకంటా వచ్చేసింది. ఇవాళ ఇద్దరం కలిసి దాన్ని పక్కకి వంచి కట్టాం. ఒకేసారి వంచితే విరుగుతుందని, కొంచెం వంచి ఆగి, మళ్లీ కొంచెం వంచి, పాత బనియన్ పీలికలతో కట్టాం. ముళ్లు ఆయన చేతులని గీరేశాయి. "నీ క్లాసు పిల్లలు నయం, నువ్వు అరుస్తావని ముందే తెలుసు వాళ్లకి" అన్నాడు. నేను బ్రేకు తొక్కినట్టు కాలు నేలకేసి తొక్కాను. నవ్వుకున్నాం. ఎంత బాగుందో ఈ రోజు.

ఫిబ్రవరి 21

మొగ్గలు! కణుపు కణుపుకీ! నర్సరీ ఆవిడ అక్షరాలా నిజం చెప్పింది.

మార్చి 2

ఒక మొగ్గ ఎర్రగా చీలింది. నేను దాని దగ్గరికి ముక్కు పెట్టలేదు. పెట్టను. మొదటి వాసన ఆయనదే. ఇన్ని నెలలు ఆగినదాన్ని ఇంకో వారం ఆగలేనా?

కప్పుల పరీక్ష పదిహేడున అని పెద్దసారు కబురు చేశాడు.

మార్చి 9

పూసింది. పొద్దున్నే వెళ్లి, ఊపిరి బిగబట్టుకుని తుంపాను. నర్సరీలో చూపించిన బొమ్మకి ఉన్నన్ని రేకులు లేవు, మొదటి కాపు కదా, ఉండవులే. నాలుగో డబ్బాలో నీళ్లు పోసి, పువ్వు పెట్టి, మొహం పక్కకి తిప్పుకుని పట్టుకెళ్లి ఆయన ముందు పెట్టాను.

ఆయన నా వంక చూశాడు. పువ్వు వంక చూశాడు. కళ్లు మూసుకుని, కప్పు మీద వంగినట్టే వంగి, లోపలికంటా పీల్చాడు.

"ఆహా" అన్నాడు. "వచ్చింది. ఎంత వాసనే!"

ఆయన కళ్లలో నీళ్లు. నేను ఆయన భుజం మీద తల పెట్టి ఏడ్చాను. వెళ్లి పని చూసుకోమన్నాడు. పెద్దసారుకి ఇప్పుడు ఫోన్ చేస్తానంటే సరేనన్నాడు. చేశాను. మా ముక్కుగారు తిరిగొచ్చేసినట్టే అన్నాడు పెద్దసారు.

ఫోన్ పెట్టేశాక నేనూ పువ్వు తీసి పీల్చాను.

నాకు జలుబు చేసినట్టుంది.

మార్చి 10

జలుబు లేదు. లవంగాల డబ్బా మూత తీసి చూశాను. ముక్కు మండిపోయింది.

మార్చి 11

ఇంకో రెండు పూశాయి. ఒకటి కారులో పెట్టుకెళ్లి బ్యాంకు మేడమ్‌కి ఇచ్చాను. ముక్కు దగ్గర పెట్టుకుంది, మళ్లీ పెట్టుకుంది. "చూడ్డానికి బాగుంది మేడమ్, వాసనే లేదు" అంది. "అద్దాలు చూసుకుని బండి తీయండి" అని కసిరాను. పాపం ఆవిడేం చేసింది.

పువ్వు కొత్తది, వాసన ముదిరాక వస్తుందేమో. ఆయన ముక్కు మనందరి ముక్కుల్లాంటిది కాదు. మనకి అందనిది ఆయనకి అందుతుంది. అందుకే కదా ఆ ఉద్యోగం.

అంతే అయి ఉంటుంది.

మార్చి 12

అంతే కాదు. నాకు తెలుసు.

మార్చి 13

నర్సరీకి ఒక రెమ్మ తీసుకెళ్లాను. ఆవిడ పువ్వు చూడకుండానే, ఆకు చూసి తల అడ్డంగా ఊపింది. "ముడి కనబడుతోందా అమ్మా?" అంది. ముడి ఎక్కడుంది, ఎరువు కింద ఎప్పుడో పూడ్చిపెట్టాను. ఇంటికొచ్చి చేత్తో మట్టి తోడాను. అంటు ముడి కనబడింది. ముడి పైనుంచి వచ్చింది ఆ పసుపు ఆకుల పాత కొమ్మ. లావు కొమ్మ ముడి కింద నుంచి వచ్చింది.

ఆగస్టు నుంచి నేను మురిసిపోయిందంతా, మేకులు కొట్టించి వంచి కట్టించి చేతులు గీరించిందంతా, పీకేయమని మొదటి రోజే చెప్పిన కొమ్మ కోసం. అసలు గులాబీని కత్తెర పెట్టి కోసేయబోయాను కూడా. ఎవరికైనా చెబితే నా దగ్గర డ్రైవింగ్ నేర్చుకోవడం మానేస్తారు.

కానీ దీని గురించి కాదు నా ఏడుపు.

ఆయన పొద్దున పాట పాడుకుంటూ చొక్కాలు ఇస్త్రీ చేసుకున్నాడు, పదిహేడు కోసం.

మార్చి 14

ఇవాళా చెప్పలేదు. డబ్బాలు పట్టుకోవడం మాత్రం నా వల్ల కాలేదు. తలనొప్పి అన్నాను.

మార్చి 15

చెప్పాను.

ఇంట్లో నోరు రాలేదు. కారెక్కమన్నాను. పిల్లలకి నేర్పే ఖాళీ మైదానంలో ఆపాను. పక్క సీట్లో నా కాలి కింద ఉండే రెండో బ్రేకు ఇవాళ ఆయన కాలి కింద ఉంది. స్టీరింగ్ పట్టుకుని ఎదర అద్దంలోంచి చూస్తూ చెప్పాను.

"ఆ పువ్వుకి వాసన లేదండీ."

"ఏ పువ్వుకి?"

"మీరు పీల్చి కళ్లనీళ్లు పెట్టుకున్న పువ్వుకి. అది మన గులాబీ కాదు, అడుగు మొక్కది. నేను చూశాను, బ్యాంకు మేడమ్ చూసింది, నర్సరీ ఆవిడ చెప్పింది. ఎవ్వరికీ రాదు దానికి వాసన."

"నువ్వు ముందే పీల్చి చూడలేదా?" అన్నాడు.

"మొదటి వాసన మీకే అని ఊపిరి బిగబట్టుకుని తెచ్చాను."

ఆయనకి నవ్వొచ్చింది. నవ్వుతూనే రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

"అదీ సంగతి" అన్నాడు. "నీ మొహం వెలిగిపోయింది ఆ పూట. వాసన ఉందనే అనుకున్నాను."

"నా మొహమేంటి?"

"నీ మొహమే. నిమ్మ మూత తీస్తే గుటక వేస్తావు. లవంగానికి తల వెనక్కి లాగుతావు. యూకలిప్టస్‌కి కళ్లు చికిలిస్తావు. మొదట్లో రోజూ గాలి అనేవాణ్ని కదా. అన్నప్పుడల్లా నువ్వు నవ్వుతూనే డబ్బా మూత పెట్టేదానివి, కానీ ఆ మూత పెట్టే తీరు చూడలేకపోయేవాణ్ని. ఒకరోజు నువ్వు గుటక వేయడం చూసి నిమ్మ అనేశాను. నువ్వు గంతేశావు. ఆ గంతు మళ్లీ చూడాలనిపించింది. తర్వాత ఆపడం చేతకాలేదు."

"ఒక్కటి కూడా రాలేదా? ఒక్కసారి కూడా?"

"రాలేదు."

నాకు ఒళ్లు మండిపోయింది. గ్యాస్ గుర్తొచ్చింది. ఇల్లు తగలబడి ఉండేది, మీరు పోయేవారు, నేను పోయేదాన్ని అని నోటికొచ్చినట్టు అరిచాను. ఆయన అన్నీ విన్నాడు.

"మరి ఎల్లుండి? ఎల్లుండి ఎవరి మొహం చూసి చెబుదామనుకున్నారు?"

"పెద్దసారుది."

"ఆయనది చూస్తే తెలుస్తుందా?"

"కష్టమే. మీసాలు అడ్డం."

నాకు నవ్వాగలేదు. అరుస్తూ అరుస్తూనే నవ్వాను, నవ్వుతూ ఏడ్చాను. ఆయనా అంతే. మైదానంలో బంతాట ఆడుకునేవాళ్లు ఆట ఆపి మా కారు వంక చూశారు. ఈ స్కూల్లో చేరితే ఇలా ఉంటుందన్నమాట అనుకుని ఉంటారు.

తర్వాత నేను కూడా ఒప్పుకోవాల్సి వచ్చింది. క్లచ్ మాడిన రోజు, స్టవ్ ఆరిన రోజు నాకు తెలియకపోలేదు. తెలిసి పక్కకి నెట్టాను. ఆయన ఒక్కడే అబద్ధం ఆడితే ఇన్నాళ్లు నిలవదు, నేను రెండో పక్క పట్టుకున్నాను కాబట్టి నిలిచింది. ఆ మాట చెబితే ఆయన నా చెయ్యి తీసి తన ఒళ్లో పెట్టుకున్నాడు.

మార్చి 16

లావు కొమ్మ పీకేశాం. కత్తిరిస్తే మళ్లీ మొలుస్తుంది, మొదలంటా లాగేయాలంది నర్సరీ ఆవిడ. ఆయన మొదలు పట్టుకున్నాడు, నేను ఆయన్ని పట్టుకున్నాను. ఊడి వచ్చినప్పుడు ఇద్దరం వెనక్కి పడ్డాం. దాని పువ్వులు ఇంకా ఎర్రగా నవ్వుతూనే ఉన్నాయి, పాపం అది మాత్రం ఏం తప్పు చేసింది, దాని గుణం కొద్దీ అది పెరిగింది. గోడ బోసిగా ఉంది. మేకులు మిగిలాయి.

పాత కొమ్మ మోకాలెత్తు కూడా లేదు.

మార్చి 17

ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాడు. కప్పుల ముందు కూర్చోలేదట. నాకు వాసన లేదు, కుర్చీ ఇంకొకరికి ఇవ్వండి అని నిలబడే చెప్పాడట. ఆ గదిలో అందరూ చెంచాలు కింద పెట్టారట. నేను పాలు కాస్తున్నాను, వెనక్కి తిరగలేదు. తిరిగితే ఇద్దరికీ ఏడుపు ఆగదు.

మార్చి 30

గ్యాస్ పోతే మోగే పరికరం పెట్టించాం. ఆయన దాన్ని "నీ తోడికోడలు" అంటున్నాడు. నాలాగే చిన్నదానికీ పెద్దదానికీ అరుస్తుందట.

ఏప్రిల్ 18

పెద్దసారు ప్యాకింగ్‌లో పని ఇచ్చాడు. పెట్టెల మీద సరైన కాగితాలు అంటించారో లేదో చూడటం. ఆయనకి ఇష్టం లేదు. వెళ్తున్నాడు. సాయంత్రం వచ్చి ఇష్టం లేదని చెబుతున్నాడు. చెప్పనీ. ఇప్పుడు మా ఇంట్లో చెప్పుకుంటున్నాం.

డబ్బాల పని మానలేదు. కానీ నేను వెనక్కి తిరిగి నిలబడి చెయ్యి చాపి పట్టుకుంటాను. "గాలి" అంటాడు. "సరే" అంటాను. మూత నెమ్మదిగా పెడతాను.

మే 26

పాత కొమ్మకి కొత్త చిగురు. ముడి పైనుంచే. ఇద్దరం వంగి, రెండుసార్లు చూసి, ఆకులు నున్నగానే ఉన్నాయని ఖాయం చేసుకున్నాం. ఎరువు కొంచెమే వేశాను.

జూలై 19

పూసింది. నడుమెత్తు కొమ్మకి ఒకే ఒక్క పువ్వు, రేకు మీద రేకు, ముదురు ఎరుపు. తుంపలేదు. ఆయన్ని పిలిచాను. ప్యాకింగ్‌కి వెళ్లే తొందరలో ఒక కాలికి సాక్సుతో వచ్చాడు.

"ముందు నువ్వు" అన్నాడు.

వంగి పీల్చాను. అబ్బ! ఏం చెప్పను, అరికాళ్ల దాకా దిగింది.

"ఉందా?"

"ఉంది."

ఆయన మోకాళ్ల మీద కూర్చుని కళ్లు మూసుకుని పీల్చాడు. ఒకసారి, ఇంకోసారి. నేను మొహం దాచుకోలేదు, ఆయన నా వంక చూడనూ లేదు. లేచి, "ఏమీ లేదు" అన్నాడు.

అలా ఉన్నదున్నట్టు చెప్పినందుకు ఆయన్ని గట్టిగా పట్టుకోవాలనిపించింది. పట్టుకున్నాను. గోడ అవతల నుంచి ఎవరైనా చూస్తే చూడనీ.

"ఎలా ఉంది వాసన?" అన్నాడు నా తల మీదుగా.

"బాగుంది."

"బాగుంది అంటే ఎవరికి అర్థమవుతుంది? నా దగ్గర కొత్తగా చేరినవాళ్లు ఆ మాటంటే గది బయటికి పంపేవాణ్ని. ముందు ఏం తగిలింది?"

నా ముక్కు మొద్దు ముక్కు, నన్నెందుకు అడుగుతారు అన్నాను. వినలేదు. మళ్లీ వంగాను.

"ముందు చల్లగా ఉంది. వాన ఇంకా పడకముందు గాలి వస్తుంది చూడండి, అలా."

"ఊ. తర్వాత?"

"తర్వాత తియ్యగా. పంచదార తీపి కాదు. బాగా మగ్గిన పండుని కొయ్యకుండా ముక్కు దగ్గర పెట్టుకుంటే వచ్చే తీపి."

"పైపైనే ఉందా, గొంతులోకి దిగిందా?"

"దిగింది."

ఆయన కళ్లు మూసుకునే ఉన్నాడు. గొంతు కదిలింది.

"చివర్లో?"

"చివర్లో ఇంకేం లేదు."

"ఉంటుంది. వెతుకు."

వెతికాను. పువ్వులో మొహం పెట్టి ఇంతసేపు నేనెప్పుడూ నిలబడలేదు. అప్పుడు తగిలింది, ఉందో లేదో అన్నంత.

"కారం. మిరియం లాంటిది. ఉంటుందా గులాబీకి? ఊరికే నాకనిపించిందా?"

"ఉంటుంది" అన్నాడు. "చాలామందికి దొరకదు అది."

ఆఫీసుకి ఆలస్యమవుతోందన్నాను. అవనీ అన్నాడు.

"ఇంకోసారి పీల్చు. తొందరపడకుండా చెప్పు."